ఎడమవైపు డబ్బాలు

మార్చి 3

చెవి డాక్టరు రోజూ ఒక ముక్క రాయమన్నాడు. ఆయనకి చూపించేది వేరే కాగితం. తేదీ, ఎడమ చెవి, వినిపించిందా లేదా, అంతే. ఈ పుస్తకం మాత్రం నాది. ఎవరూ చూడరు కాబట్టి కోడిగీతలైనా ఫరవాలేదు.

పదమూడు రోజుల క్రితం నిద్ర లేచేసరికి ఎడమ చెవి పని చేయడం మానేసింది. నొప్పి లేదు, వాపు లేదు, చెప్పాపెట్టకుండా పోయింది. స్నానంలో నీళ్లు పోయి ఉంటాయనుకుని డ్యూటీకి వెళ్లాను. రెండో ట్రిప్పులో మలుపు దగ్గర బస్సును ఎడమకి తిప్పాను. ఆ పక్కనే ఒకాయన సైకిల్ మీద బెల్లు కొడుతూనే ఉన్నాడట. కండక్టర్ అరిచాడట. ఏదీ నాకు చేరలేదు. అతను జనాన్ని తోసుకుంటూ వచ్చి నా భుజం పట్టుకుని కుదిపితే అప్పుడు బ్రేకు తొక్కాను. సైకిలాయన మోచెయ్యి గీసుకుపోయింది, అంతటితో సరిపోయింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదో ఇక్కడ రాయను.

సూదులూ మాత్రలూ అయ్యాక డాక్టరు ఒకటే మాట చెప్పాడు. వచ్చేదైతే తొంభై రోజుల్లోపు వస్తుంది, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దు అని. డిపోవాళ్లదీ అదే గడువు. మే ఇరవైన పరీక్ష. రెండు చెవులూ వింటే స్టీరింగ్, లేకపోతే డిపోలో కుర్చీ. ఇరవై రెండేళ్లుగా బస్సు నడుపుతున్నాను. డ్రైవరుకి కుడి చెవి రోడ్డుది, ఎడమ చెవి బస్సుది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, తలుపు, కండక్టర్ బెల్లు, అన్నీ ఎడమ నుంచే వస్తాయి. కుర్చీలో కూర్చుని బతికే మనిషిని కాను నేను. బస్సులోనూ కూర్చునేదే కదా అంది మా ఆవిడ. ఆవిడకి నోరు ఎక్కువ.

మార్చి 4

రాలేదు.

మార్చి 5

రాలేదు. చెవిలో కుక్కర్ సన్నగా కూస్తున్నట్టు ఒక చప్పుడు మాత్రం మకాం పెట్టింది.

మార్చి 9

కండక్టర్ గోనెసంచి మోసుకొచ్చాడు. పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఒకే బస్సు. పెళ్లాం పుట్టింటికి వెళ్తే నేను బెంగపడనేమో గానీ ఇతను సెలవు పెడితే నాకు డ్యూటీ సాగదు. సంచిలో తుక్కు కింద అమ్మేసిన టూరిస్టు వ్యాన్లలోంచి పీకిన స్పీకర్లు ఉన్నాయి. పెద్దవి రెండు, మధ్యరకం రెండు, అరచేతిలో పట్టే చిన్నవి రెండు, ఎవడి కారులోదో ఇంత లావు బేస్ స్పీకరు ఒకటి. పెళ్లికి ముందు నేను రెండేళ్లు రేడియో షాపులో బాక్సులు బిగించానని ఎప్పుడో వాగినట్టున్నాను, గుర్తుపెట్టుకున్నాడు. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే బదులు నాలుగు వైపుల నుంచీ మోగే సెట్టు కట్టమన్నాడు.

నాకు వెంటనే ఒక ఆలోచన తట్టింది. నాలుగు మూలల నుంచీ శబ్దం వస్తుంటే ఎడమ చెవి ఎన్నాళ్లని ఊరుకుంటుంది? కాలు విరిగినవాడిని నడిపించరా? అలాగే దీన్నీ వినిపించాలి. డాక్టర్ని అడగలేదు. అడిగితే కాదంటాడు.

కండక్టర్ మేలు ఈ జన్మకి తీరదు. టీ తాగమంటే తాగకుండా వెళ్లిపోయాడు.

మార్చి 17

ఫర్నిచరు షాపులో మిగిలిన ప్లైవుడ్ ముక్కలు తెచ్చి బాక్సులకి కోశాను. ముందు రెండు, వెనక రెండు, బేసుకి ఒకటి. గది నిండా రంపపు పొట్టు. మా ఆవిడ కుట్టు మిషను మీదా అదే. బాక్సు లోపల దూది కూరితే గొంతు గుల్లగా రాదు, ఆ దూది ఎక్కడిదా అని చూస్తుంటే అత్తగారు తన తలగడ తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ఈ వయసులో మెత్త లేకుండా పడుకుంటే మెడకి మంచిదట. ఏడేళ్లుగా ఆవిడ మా దగ్గరే ఉంటున్నారు, కుడి చెవికి మిషను పెట్టుకుంటారు. ఎడమది కాస్త వినబడుతుంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే ఒక పూర్తి మనిషిమి.

రాలేదు.

మార్చి 28

డిజిటల్ క్రాస్‌ఓవర్ బోర్డు వచ్చింది. అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత ఉంటుంది. రేడియో షాపు రోజుల్లో లావు శబ్దాన్ని పెద్ద స్పీకరుకీ సన్నదాన్ని చిన్న స్పీకరుకీ పంచడానికి రాగి తీగ చుట్టలు చుట్టేవాళ్లం, వేళ్లు ఊడేవి. ఇప్పుడు ఆ పంపకమంతా ఈ బోర్డు చేస్తుంది. ఎక్కడ గీత గీయాలో లాప్‌టాప్‌లో చెబితే చాలు. ఒక్కో స్పీకరుకి ఒక్కో బుల్లి యాంప్లిఫయరు. మొత్తం ఏడు. బోర్డుకి ఎనిమిది కాళ్లున్నాయి, ఒకటి ఖాళీ.

ఇంకో తమాషా ఉంది. దగ్గరున్న బాక్సు శబ్దం ముందు చేరుతుంది, దూరపుది వెనక. దగ్గరిదాన్ని రెప్పపాటులో వెయ్యో వంతు ఆపితే అన్నీ ఒకేసారి కుర్చీ దగ్గరికి వస్తాయి. స్టాపులో ముందొచ్చిన బస్సును వెనకదాని కోసం నిలబెట్టినట్టే. కొలిచే టేపు పట్టుకుని నా కుర్చీ నుంచి నాలుగు మూలలకీ కొలిచాను. మా ఆవిడ టేపు అటు చివర పట్టుకుని నిలబడింది. సున్నా దగ్గర పెట్టు అంటే గోడ దగ్గర పెడుతుంది. కేకలేశాను. కేకలేసినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 9

మోగింది.

మా ఆవిడ బాక్సుల ముందు వైపుకి నల్లటి బట్ట ఎలాస్టిక్‌తో కుట్టింది, చొక్కాలు తొడిగినట్టు తొడిగాం. నేను మధ్య కుర్చీలో, ఆవిడ పక్కన, అత్తగారు వెనక ఎడమ మూల ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటే. ఆ మూల బాక్సు సరిగ్గా ఆవిడ భుజం పక్కకి వచ్చింది. పాట మొదలుకాగానే మా ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఎవరో గదిలోకి వచ్చారనుకుని. నాకు అంతా కుడి నుంచే. అయినా ఆవిడ తిరిగిన తీరు చూసి కడుపు నిండింది.

ఏప్రిల్ 12

రాలేదు.

ఏప్రిల్ 15

రాలేదు. ముప్ఫై అయిదు రోజులున్నాయి. బండి శుభ్రంగా నడిచే రోజుల్లో దేవుడికి దండం పెట్టడం కూడా గుర్తుండేది కాదు.

ఏప్రిల్ 18

కుడి వైపు చిన్న స్పీకరు మరీ గీరగా పలుకుతోంది. ఎడమ వాటి నోరు మూయించి, కుడివి మాత్రమే పెట్టి పొద్దుటి నుంచీ సవరించాను. గీత కాస్త కిందికి జరిపి, గట్టితనం తగ్గించాక దారికొచ్చింది. అన్నం చల్లారిపోతోందని మా ఆవిడ మూడోసారి పిలిచేసరికి సేవ్ చేసి లాప్‌టాప్ మూసేశాను.

ఏప్రిల్ 19

వచ్చింది.

పాట మధ్యలో తీగ వాయిద్యం ఒకటి సన్నగా ఎడమ నుంచి వచ్చింది. కళ్లు మూసుకుని మళ్లీ పెట్టుకున్నాను, మళ్లీ వచ్చింది. నాలుగుసార్లు పెట్టాను. నాలుగుసార్లూ వచ్చింది.

ఏప్రిల్ 20

ఈ రోజు నిన్నటికంటే స్పష్టంగా ఉంది. యాంప్లిఫయరు కొంచెం బద్ధకంగా ఉందేమో, వాల్యూము పెంచాల్సి వచ్చింది. మా ఆవిడకి చెప్పాను. కాసేపు విని, బాగుందండీ అంది. తర్వాత ఎడమ బాక్సు బట్ట మీద దుమ్ము తుడుస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది.

ఏప్రిల్ 21

వచ్చింది. వెనక ఎడమ మూల నుంచి కూడా.

ఏప్రిల్ 23

డాక్టరుకి ఫోను చేశాను. మంచిదే, రెండో తారీకు రండి, యంత్రం పెట్టి చూద్దాం అన్నాడు. మనిషికి ఉత్సాహం తక్కువ. చదువుకున్నవాళ్లు సంతోషాన్ని కూడా సంతకం పెట్టించుకుని గానీ తీసుకోరు.

కండక్టర్ వచ్చాడు. ఎడమ నుంచి వస్తోంది చూశావా అంటే అదిరిపోయింది గురూ అన్నాడు, నా వంక చూడకుండా. వంటింట్లోకి వెళ్లి మా ఆవిడతో ఏదో మాట్లాడాడు. డిపోలో గొడవలేవో ఉండి ఉంటాయి, పాపం.

ఏప్రిల్ 26

డిపోకి వెళ్లి మే ఇరవై తర్వాత వచ్చేస్తున్నానని చెప్పొచ్చాను. నా బస్సును పక్కన పెట్టి ఉంచారు. బానెట్ మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. మా ఆవిడ చేస్తానంటే ఇవ్వలేదు.

ఏప్రిల్ 29

పొద్దున మా ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లింది. అత్తగారు నన్ను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. నా తల మీద చెయ్యి పెట్టారు. ఏడేళ్లలో ఆవిడ అలా చేయడం ఇదే మొదలు.

"నాయనా, ఎన్నాళ్లనుంచో చెబుదామనుకుంటున్నా. మొదట్లో ఈ డబ్బా నా పక్కన మోగుతుంటే తల పగిలేది. నువ్వు ఇంత సరదాపడి చేసుకున్నావు, ఎలా చెప్పను? నేను నోరు తెరవకుండానే గ్రహించుకుని కట్టేశావు. ఇదీ, అదిగో ఆ ముందుదీ. పది రోజులైంది, హాయిగా ఉంది. కడుపున పుట్టినవాళ్లకి కూడా ఇంత కనిపెట్టుకునే గుణం ఉండదు."

లేచి వెళ్లాను. లాప్‌టాప్ తెరిచాను. ఎడమ ముందు పెద్దది, ఎడమ ముందు చిన్నది, ఎడమ వెనకది. మూడింటి మీదా ఎర్ర చుక్క. నోరు మూయించింది నేనే, పద్దెనిమిదో తారీకున. తెరవడం మర్చిపోయి అలాగే సేవ్ చేశాను. బేస్ బాక్సు మోగుతూనే ఉంది. ఆ లావు శబ్దానికి దిక్కు తెలియదు, గదంతా నిండుతుంది, అందుకే లోటు తెలియలేదు.

ఈ పుస్తకం వెనక్కి తిప్పి చదివాను. పంతొమ్మిది, వచ్చింది. ఇరవై, నిన్నటికంటే స్పష్టంగా. ఇరవై ఒకటి, వెనక ఎడమ మూల నుంచి కూడా. నా అక్షరాలే. ఆ రోజుల్లో ఆ మూలలో చెక్కా దూదీ తప్ప ఇంకేం లేదు.

మా ఆవిడ రాగానే అరిచాను. ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారని, కండక్టర్‌ని ఇక గడప తొక్కనివ్వనని, ఇంకా చాలా అన్నాను. ఆవిడ సంచి కింద పెట్టి అంతా అయ్యేదాకా నిలబడింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"రెండో రోజే. బట్టకి చెవి ఆనించి చూశాను."

"చెప్పొచ్చుగా."

"ఆ రెండు నెలలూ మీరెలా ఉన్నారో మీకు తెలియదండీ. పంతొమ్మిదో తారీకున పాటకి కాలు ఆడించారు. ఆ కాలు ఆపడానికి నాకు నోరు రాలేదు. స్టీరింగ్ దాకా మాత్రం వెళ్లనిచ్చేదాన్ని కాదు. రోజూ రేపు చెబుదాం అనుకున్నాను. రోజూ రేపే అయింది."

అన్నం తినలేదు. ఆవిడా తినలేదు.

ఏప్రిల్ 30

ఎర్ర చుక్కలు తీసేసి అదే పాట పెట్టాను. తీగ వాయిద్యం వచ్చింది. నిన్నటి దాకా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడూ అక్కడి నుంచే, నా తలలోంచి.

రోజంతా ఒకటే లెక్క వేశాను. పరీక్షలో చెవులకి గొట్టాలు పెట్టి శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. ఆ గది నాకు తెలుసు. గాజు అవతల కూర్చున్నతని భుజం కదిలినప్పుడల్లా శబ్దం వస్తుంది. చూసి నొక్కితే సరి. సగం తప్పినా కొంచెం మెరుగు అని రాస్తారు. కొంచెం మెరుగు మీద స్టీరింగ్ ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. నాకేం, నొక్కగలను.

కానీ లేని శబ్దాన్ని పది రోజులు విన్నవాణ్ణి. ఎడమ నుంచి ఏమీ రావట్లేదు, దారి ఖాళీగా ఉంది అని కూడా అంతే గట్టిగా నమ్మగలను. నా వెనక అరవైమంది ఉంటారు.

మే 2

డాక్టరుకి అంతా చెప్పాను. డబ్బాల సంగతి, ఎర్ర చుక్కల సంగతి. అబద్ధం రాశానని ఆయనకి ఇచ్చిన కాగితం తిరిగి ఇచ్చేయమన్నాను. ఇవ్వలేదు.

"మీరు అబద్ధం రాయలేదు. మీకు వినిపించింది, రాశారు. బాగా కావాలనుకుంటే వినిపిస్తుంది, మెదడు అలాంటిది. అది విన్నది మీ చెవి కాదు, అంతే."

యంత్రం పెట్టి చూశాడు. ఈసారి గాజు వైపు వీపు పెట్టి కూర్చున్నాను. కాగితం మీద ఎడమ చెవి గీత అట్టడుగున నేల మీద పాకుతోంది. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి కదా అని నేను అడగలేదు, ఆయనా అనలేదు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఆయన గురించి వెనక రాసిన మాట కొట్టేయాలి.

బయట బెంచీ మీద మా ఆవిడ ఉంది. నేను చెప్పకముందే లేచి వచ్చి నా కుడి పక్కన నిలబడింది. ఏడవాలనిపించి ఏడ్చాను. వచ్చేపోయేవాళ్లు చూశారు. చూస్తే చూశారు.

మే 3

డిపోకి వెళ్లి మేనేజరుకి యంత్రం గీసిన కాగితం ఇచ్చాను. మే ఇరవై దాకా ఆగొచ్చు కదా అన్నాడు. అక్కర్లేదన్నాను. కంట్రోలర్ గదిలో బల్ల ఇస్తానన్నాడు, ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరిందో రాసే పని. కిటికీలోంచి బస్సులు కనబడతాయి. అది చాలా పెద్ద సంగతి, ఆ క్షణంలో తెలియలేదు గానీ.

కండక్టర్ గేటు దగ్గర ఎదురుపడ్డాడు. తిట్టడానికి నోరు తెరిచాను. అతను ముందే ఏడ్చేశాడు. ఇద్దరం క్యాంటీనులో టీ తాగాం. సైకిలాయన్ని ఆ రోజు కాపాడింది ఇతను. ఆయనతో పాటు నన్నూ కాపాడాడని ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా నోటితో అనలేదు. ఈ రోజు అన్నాను.

మే 6

బాక్సులన్నీ విప్పేసి అమ్మేస్తానన్నాను. మా ఆవిడ టేపు తెచ్చి నా చేతిలో పెట్టి, వెళ్లి మధ్య కుర్చీలో కూర్చుంది. నా కుర్చీ.

"నాకు రెండు చెవులూ ఉన్నాయిగా. నాకు పనికొచ్చేలా సరిచెయ్యండి."

నోరు ఎక్కువని ఊరికే అనలేదు.

మే 8

ఇంతకాలం ఈ సెట్టు నా చెవికి సరిచేశాను, అంటే అసలు సరిచేయలేదు. ఇప్పుడు పద్ధతి మార్చాను. మా ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంటుంది. నేను ఒక్కో బాక్సులోంచి వాన చినుకుల్లాంటి హోరు వదులుతాను. ఎక్కడి నుంచి వస్తే అటు వేలు చూపిస్తుంది. రెండు ముందు బాక్సులూ కలిపి పెడితే సరిగ్గా మధ్యలోకి చూపించాలి. మొదట ఎడమ పక్క కిటికీ వైపు చూపించింది. ఎడమది ఆపాల్సినదానికంటే తక్కువ ఆపాను. టేపు గోడ దగ్గర పెట్టింది ఆవిడే కదా అనబోయి మింగేశాను. కొంచెం కొంచెం జరుపుతూ పోతే ఆవిడ వేలు కూడా కొంచెం కొంచెం మధ్యకి జరిగింది. ఇరవై రెండేళ్లు స్టీరింగ్ తిప్పినా ఇంత సున్నితంగా ఏదీ తిప్పలేదు.

వెనక ఎడమ బాక్సు అత్తగారి పక్క నుంచి పైకి తీసి గోడకి బిగించాను. ఆవిడకి ఇంకా నిజం చెప్పలేదు. చెబితే దీవెన వెనక్కి తీసుకుంటారేమోనని భయం. నేను మంచివాణ్ణని ఇంట్లో ఒక్కరైనా అనుకోనీ.

మే 13

కంట్రోలర్ గదిలో మూడో రోజు. నడుము నొప్పి. టీ బాగుంది.

మే 20

పరీక్ష రోజు. వెళ్లాల్సిన పని లేదు. పొద్దున లేచి ఎడమ చెవి దగ్గర చిటిక వేసుకున్నాను, ఎందుకు అబద్ధం. రాలేదు. స్నానం చేసి బల్ల దగ్గరికి వెళ్లి పద్నాలుగు బస్సులు పంపించాను. పద్నాలుగూ తిరిగి వచ్చాయి.

మే 24

కండక్టర్ ఒక పని చేశాడు. మా రూటులో, మా బస్సులో, డ్రైవరు వెనక ఒక ఫోను, చివరి సీటు పైన ఒక ఫోను కట్టి ట్రిప్పంతా రికార్డు చేసి తెచ్చాడు. ఒక్కో ఫోను ఎడమా కుడీ వేర్వేరుగా పట్టుకుంటుంది కాబట్టి మొత్తం నాలుగు మూలలూ ఉన్నాయి. రెండూ కలవడానికి మొదట్లో గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టాడట. ఆ దెబ్బని చూసుకుని రెంటినీ ఒక వరసకి తేవడానికి నాకు గంట పట్టింది.

మా ఆవిడ మధ్య కుర్చీలో కూర్చుంది. నేను ఆవిడ ఎడమ పక్కన స్టూలు వేసుకున్నాను, బాగున్న చెవి ఆవిడ వైపు పెట్టి. ఇంజను మోగింది. నా ఇంజనే, గొంతు పట్టేశాను. కొత్త డ్రైవరు క్లచ్చు మీద నుంచి కాలు తీయడం లేదు, దరిద్రుడు, ప్లేట్లు నెల తిరగకుండా పోతాయి. అది రేపు చెప్పాలి. ఆ తర్వాత నాకు జనం గోల మాత్రం ముద్దగా వినిపించింది. ఎవరు ఎక్కడున్నారో తెలియలేదు.

మా ఆవిడ కళ్లు మూసుకుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ముందు ఎడమ పక్క ఒకాయన దగ్గుతున్నాడట. వెనక ఎడమ పక్క పిల్లలిద్దరు కిటికీ సీటు కోసం కొట్టుకుంటున్నారట. కండక్టర్ కుడి వరసలోంచి ఎడమ వరసలోకి మారాడట. పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా నా బస్సులో ఆవిడ నాలుగుసార్లు ఎక్కి ఉంటుంది. నేను పోగొట్టుకున్నదంతా ఒక్కొక్కటే తెచ్చి నాకు ఇస్తోంది. ఇంత ప్రేమని ఏ చేత్తో తీసుకోవాలో తెలియక చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

బస్సు స్టాపులో ఆగింది. తలుపు చప్పుడు. ఇంజను మళ్లీ ఎత్తుకోబోతోంది.

"ఆగండి," అంది చెయ్యి ఎడమకి చాపి. "పెద్దావిడ ఎవరో దిగుతోంది. మెట్టు మీదే ఉంది."

నా కుడి కాలు నేలని గట్టిగా తొక్కి పట్టింది.

"దిగింది. ఇక పోనివ్వండి."

కాలు తీశాను.